అతివాహక విద్యయు స్వావలంబనమును

(కరీంనగరములో జరిగిన యువజన సభయందు ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



న్యాయవాది సభలో మాటాడ లేచినచో కౌలు చట్టమును గూర్చియో భూహక్కులను గూర్చియో చెప్పునని శ్రోతలు తలంచుట సహజము. నేటి విషయము అతివాహకములని ఆహ్వానపత్రములో చూచి నా మిత్రుడొకడు, "కళాశాల విడిచి ఇరువదియేండ్లు దాటినది గదా, ఈ భౌతికశాస్త్రపు గొడవ నీకెందుకు?" అని నవ్వెను. అతనికి చెప్పిన సమాధానమునే మీకును చెప్పి ప్రారంభించెదను.

గత సంవత్సరము ఉట్నూరు ప్రాంతమునుండి నా కక్షిదారుడొకడు, గోండు రైతు, తన ముసలితల్లిని వెంటబెట్టుకొని ఈ ఊరికి వచ్చెను. ఆమెకు వెన్నెముకలో బాధ. వైద్యులు ఎం.ఆర్.ఐ. పరీక్ష చేయింపుమనిరి. ఒక ఆసుపత్రికి పోగా యంత్రములో హీలియము తగ్గినది, హైదరాబాదునుండి రావలెను, నాలుగు దినములు ఆగుడు అనిరి. ఆ నాలుగు దినములు తల్లీకొడుకులు మా ఇంటి వసారాలోనే యుండిరి. రెండవనాటి సాయంకాలము అతడు నన్ను, "గా హీలియమంటే ఏంది సారూ? మన దిక్కు దొరకదా?" అని యడిగెను. స్వరాష్ట్రోద్యమ దినములలో నీళ్లు, నిధులు, నియామకములు అని ఊరూర తిరిగి ఉపన్యసించినవాడను నేను. మన గడ్డమీది ఆసుపత్రిలోని యంత్రము దేనిచే నడచుచున్నదో ఒక రైతు అడిగినప్పుడు నోట మాట రాలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెదకుచు చదివిన దానినే నేడు మీ ముందుంచుచున్నాను.

తీగలో విద్యుత్తు ప్రవహించునప్పుడు కొంత శక్తి వేడిమిగా మారి వ్యర్థమగును. తీగ చూపు ఈ యడ్డంకినే నిరోధమందురు. ఎండకాలములో బావికాడ మోటారు కాలిపోయి చుట్ట మార్పింప పట్టణమునకు మోసికొనివచ్చిన రైతునకు ఈ నిరోధమును గూర్చి నేను వేరుగా చెప్పనక్కరలేదు. లోహమును చల్లబరచినకొలది నిరోధము తగ్గును. ఎంతవరకు తగ్గును? హాలెండులోని లైడెన్ నగరమున కామర్లింగ్ ఓన్నెస్ అను ఆచార్యుడు 1908 జూలై 10వ తేదీన హీలియము వాయువును మొట్టమొదటిసారి ద్రవముగా మార్చి, ఆ ద్రవముతో పాదరసమును చల్లార్చి 1911 ఏప్రిలులో పరీక్షించెను. సున్నకు దిగువ 269 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర పాదరసపు నిరోధము అకస్మాత్తుగా మాయమయ్యెను. తగ్గుట కాదు, మాయమగుట. ఇట్టి స్థితిని పొందు పదార్థములే అతివాహకములు. అతివాహకపు చుట్టలో ఒకసారి ప్రవేశపెట్టిన విద్యుత్తు బయటినుండి సరఫరా లేకయే సంవత్సరముల తరబడి తిరుగుచునే యుండును.

దీని కారణము తెలియుటకు మరి నలువదియారేండ్లు పట్టినది. బార్డీన్, కూపర్, ష్రీఫర్ అను మువ్వురు అమెరికను శాస్త్రజ్ఞులు 1957లో దానిని వివరించిరి. ఆ చలిలో ఎలక్ట్రానులు జతలు జతలుగా కూడి, ఆ జతలన్నియు ఒక్క అడుగుగా నడచునట. ఒంటరిగా పోవువానిని గల్లీలో ఎవడైనను అడ్డగింపవచ్చును. వేలమంది చేయి చేయి కలిపి నడచు ఊరేగింపును ఒక రాయి, ఒక గుంట ఆపజాలవు. లాఠీలెరిగిన మనకు ఈ సంగతి అర్థమగుట కష్టము కాదు.

ఎం.ఆర్.ఐ. యంత్రపు గర్భములో నున్నది ఇదియే. నియోబియము, టైటానియము అను రెండు లోహముల మిశ్రమముతో చేసిన తీగచుట్టను ద్రవ హీలియములో ముంచి యుంచెదరు. సాధారణముగా ఆసుపత్రులలో నుండు యంత్రము ఒకటిన్నర టెస్లాల అయస్కాంతశక్తి గలది. అనగా భూమి అయస్కాంతశక్తికి సుమారు ముప్పదివేల రెట్లు. కాబట్టి అతివాహకము ఎక్కడనో విదేశపు ప్రయోగశాలలో నున్న వింత కాదు. మన ఊళ్లో రోగి తలక్రింద, వెన్నుక్రింద దినదినము పనిచేయుచునే యున్నది. మనము దానిని గుర్తింపలేదు, అంతే.

ఇక హీలియము కథలో తెలుగుగడ్డకు ఒక పాలు కలదు. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. దానిని చూచుటకు ఫ్రాన్సునుండి జాన్సెన్ అను ఖగోళజ్ఞుడు గుంటూరులో విడిదిచేసెను. మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ మచిలీపట్నమున నుండెను. గ్రహణకాలమున సూర్యుని అంచున ఎగయు జ్వాలల వెలుగును వారు వర్ణదర్శినితో విడదీసి చూచిరి. ఆనాడు మన దేశమున చూచినవారికి కనబడిన ప్రకాశరేఖలలో పసుపుపచ్చనిదొకటి యుండెను. అది సోడియపు రేఖయే యని పెక్కురు తలంచిరి. ఆ సంవత్సరమే ఇంగ్లండులో లాకియర్ అను శాస్త్రజ్ఞుడు గ్రహణము లేనప్పుడే దానిని చూచి, అది సోడియపు రేఖ కాదని తేల్చెను. భూమిపై ఎవరును ఎరుగని ఆ మూలద్రవ్యమునకు సూర్యుని గ్రీకుపేరునుబట్టి హీలియమని పేరిడిరి. 1895లో రామ్సే దానిని భూమిమీది ఖనిజములో కనుగొనెను. గుంటూరు ఆకాశమున ఆనాడు చూచిన వెలుగుకును నేటి మన ఆసుపత్రిలోని చలికిని ఇట్టి చుట్టరికమున్నది.

"మన దిక్కు దొరకదా" అన్న ప్రశ్నకు మొదటి జవాబు మాత్రము, దొరకదు. హీలియము భూగర్భములోని సహజవాయువుతో కలసి వచ్చును. అమెరికా, ఖతార్ వంటి కొలది దేశములే దానిని విరివిగా తీయుచున్నవి. మనము వాడునది దాదాపుగా అంతయు దిగుమతియే. 2017 జూనులో పొరుగు రాజ్యములు ఖతారును దిగ్బంధించినప్పుడు అక్కడి హీలియపు కర్మాగారములు కొంతకాలము మూతబడినవి. ఎక్కడనో ఎడారి రాజుల తగవు. దాని ఫలము లోకమందంతట ఆసుపత్రుల తలుపు తట్టును. మన తూర్పుతీరమున భీమునిపట్నము ఇసుకలలోని మోనజైటునందు థోరియపు విచ్ఛిత్తిచే పుట్టిన హీలియము చిక్కుకొనియున్న మాట నిజమే. ఇసుకలో నుండుట వేరు, సీసాలో నుండుట వేరు.

లోహము సంగతియు చూడుడు. ప్రపంచపు నియోబియములో పదింట తొమ్మిది పాళ్లు ఒక్క బ్రెజిలు దేశమే త్రవ్వుచున్నది. అయితే ఇచ్చట మనము పూర్తిగా వట్టిచేతులతో లేము. హైదరాబాదులో 1971లో నెలకొనిన అణు ఇంధన సముదాయము నియోబియము లోహమును శుద్ధిచేసి తయారుచేయుచున్నది. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సెలరేటర్ సెంటర్ శాస్త్రజ్ఞులు ఒకటిన్నర టెస్లాల ఎం.ఆర్.ఐ. అయస్కాంతమును స్వదేశమున నిర్మించు పూనికలో నున్నారు. పత్రికలలో పెద్ద అక్షరములకెక్కునవి ఇవి కావు. నా మట్టుకు నాకు ఇవియే పెద్ద వార్తలు.

ఇంత చలి లేకుండ అతివాహకమును సాధింపరాదా అని మీరడుగవచ్చును. ఈ ఆశచేతనే కొందరు తొందరపడిరి. 2023లో దక్షిణ కొరియానుండి ఎల్.కె.-99 అను పదార్థము గది వేడిమియందే అతివాహకమగుచున్నదని ఒక వార్త వెలువడి లోకమెల్ల మారుమ్రోగినది. నా వృత్తిలో ఒక అలవాటు కలదు: ఒక సాక్షి ఎంత గట్టిగా చెప్పినను రెండవ సాక్షిని అడుగక తీర్పు కోరము. అతివాహకమునకును ఇద్దరు సాక్షులు కావలెను. నిరోధము సున్న కావలెను, ఇది మొదటి సాక్షి. పదార్థము తనలోనుండి అయస్కాంతక్షేత్రమును బయటికి గెంటివేయవలెను, ఇది రెండవ సాక్షి. 1933లో జర్మనీలో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ కనిపెట్టిన లక్షణము. అయస్కాంతముపై రాయి కొంచెము ఒరిగి లేచినంతమాత్రమున ఈ రెండవ సాక్ష్యము చాలదు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలవారు అదే పదార్థమును తామే తయారుచేసి పరీక్షించి, అతివాహకత లేదని కొద్దిదినములలోనే ప్రకటించిరి. ఇతర దేశములవారు చేసిన పరీక్షలును అదియే చెప్పినవి. కొత్త వింతకు కేకలు వేయుటకంటె దానిని మన కొలిమిలో మనమే కాల్చి చూచుట మేలైన దేశభక్తి యని నా అభిప్రాయము.

నిజముగా జరిగిన గొప్ప మలుపు 1986లోనిది. స్విట్జర్లాండులో ఐ.బి.యం. వారి ప్రయోగశాలయందు బెడ్నార్జ్, ముల్లర్ అను ఇద్దరు, రాగి, ప్రాణవాయువు ప్రధానముగా గల ఒక మట్టిపాత్రవంటి పదార్థము ఓన్నెస్ పాదరసముకంటె ఎంతో ఎక్కువ వేడిమిలో అతివాహకమగుట చూచిరి. మరుసటి ఏట ఇట్రియము, బేరియము, రాగి కలసిన నల్లని బిళ్ల సున్నకు దిగువ 180 డిగ్రీల దగ్గరనే ఆ స్థితిని పొందినది. ఇందులోని విశేషమేమనగా, ద్రవ నత్రజని సున్నకు దిగువ 196 డిగ్రీలలో నుండును. నత్రజని మనము పీల్చు గాలిలో అయిదింట నాలుగు పాళ్లు. దానికొరకు ఏ ఎడారి రాజును ఆశ్రయింప నక్కరలేదు.

ఈ నల్లని పదార్థములతో చిక్కేమనగా అవి పెళుసు. పెంకును తీగగా సాగదీయగలమా? దీనికి కనిపెట్టిన ఉపాయము వినినప్పుడు నేను ఆశ్చర్యపడితిని. 1988లో జపానులో మయేదా కనుగొనిన బిస్మతు జాతి పదార్థమును మెత్తని పొడిచేసి వెండి గొట్టములో కూరెదరు. ఆ గొట్టమును సాగదీసి సన్నని తీగగా చేసెదరు. అట్టి తీగలను పెక్కింటిని మరల ఒక వెండి గొట్టములో పేర్చి, మరల సాగదీసి, పట్టీవలె నలిపి, కొలిమిలో కాల్చెదరు. వెండియే ఎందుకు? ఇతర లోహములు ఆ పొడితో కలసి దానిని పాడుచేయును, వెండి చేయదు. పైగా కాగిన వెండి ప్రాణవాయువును తనగుండా లోనికి పోనిచ్చును. ఆ వాయువు లేనిదే పొడి అతివాహకము కాదు.

సోదరులారా, వెండిని వెండ్రుకవలె సాగదీయుట ఏ ఊరి విద్య? ఎలగందుల కోటనీడన పెరిగి, కరీంనగరమునకు వచ్చి, 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వెండితీగ పనివారి విద్య గాదా! కమ్మచ్చు రంధ్రములలోనుండి తీగను లాగునప్పుడు ఎచ్చట ఆగవలెనో, ఎప్పుడు మరల కాచి మెత్తబరుపవలెనో వారి వ్రేళ్లకు తెలియును. పన్నీరుబుడ్డియు నెమలిబొమ్మయు చేయు ఆ చేతులే రేపు అతివాహకపు తీగలు లాగునని నేను చెప్పుట లేదు. కర్మాగారపు యంత్రము వేరు, దాని కొలతలు వేరు. కాని లోహమును గూర్చిన తెలివి చేతిలో నున్నవారు ఇన్ని కుటుంబములుగా ఒక పట్టణమున నుండగా, ఈ జిల్లా కళాశాలలలో పదార్థశాస్త్రము చదువు విద్యార్థి ఒక్కడైనను వారి దుకాణపు మెట్లెక్కి చూచినాడా? ఆ పనివారిలో ఒకరినైనను కళాశాలకు పిలిచి కుర్చీవేసి కూర్చుండబెట్టినారా? ఇది నన్ను బాధించుచున్నది.

ఇట్టి తీగలతో చేసిన విద్యుత్తు కేబులును 2014లో జర్మనీలోని ఎస్సెన్ నగరములో ఒక కిలోమీటరు పొడవున భూమిలో వేసి నడిపిరి. రామగుండములో 2600 మెగావాట్ల కేంద్రము, దాని చుట్టును సింగరేణి బొగ్గుగనులు గల మనకు ఇది ఆశపుట్టించు వార్తయే. కాని ఉన్నదున్నట్లు చెప్పవలెను: కేబులు పొడుగునను నత్రజనితో చల్లార్చుచుండు ఖర్చు చాల యెక్కువ. ఇరుకు నగరములలో దానికి తావుండును గాని మన పొలముల గట్లమీది స్తంభములకు ఇప్పట్లో రాదు.

ఇక నేడు అందరి నోటను వినబడుచున్న క్వాంటమ్ కంప్యూటరు సంగతి. ఇందులో పెక్కు విధములు కలవు. అతివాహకములతో చేయునది వానిలో ముఖ్యమైనది. మామూలు కంప్యూటరులో ప్రతి గడియయు తెరచియో మూసియో యుండును. క్వాంటమ్ బిట్టు రెండు స్థితుల కలయికలో నుండగలదు. పెక్కు బిట్లు ఒకదానితో నొకటి ముడిపడినప్పుడు కొన్ని లెక్కలకు, అన్నిటికి కాదు, కొన్నిటికి మాత్రమే, అపూర్వమైన దగ్గరిదారి దొరకును. దీనిని తయారుచేయుటకు అతివాహకపు రేకులు రెంటి నడుమ అణువుల మందము గల ఆక్సైడు పొరను ఉంచెదరు. ఎలక్ట్రాను జతలు ఆ పొరను దాటి పోగలవని 1962లో ఇరువదిరెండేండ్ల బ్రయన్ జోసెఫ్‌సన్ లెక్కగట్టి చెప్పెను. ఆ సంధి లేని విద్యుద్వలయము, మెట్లన్నియు సమానదూరమున నున్న నిచ్చెనవంటిది. ఒక మెట్టు ఎక్కించబోయిన కిరణమే పైమెట్లకును ఎక్కించివేయును. సంధిని చేర్చినంతనే మెట్ల నడిమి దూరములు మారును. అప్పుడు అడుగునున్న రెండు మెట్లను మాత్రమే సున్న, ఒకటిగా వాడుకొనవచ్చును. చేతికి తీసికొనదగిన విద్యుద్వలయము సయితము ఇట్లు అణువువలె ప్రవర్తించునని 1984, 85 సంవత్సరములలో ప్రయోగములతో చూపిన క్లార్క్, డెవొరె, మార్టినిస్ అను మువ్వురికి 2025లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది.

ఆ మెట్ల నడిమి శక్తి మిక్కిలి స్వల్పము. కొంచెము వేడిమి తగిలినను బిట్టు తనంత తానే మెట్టెక్కి లెక్క చెడును. అందుచేత హీలియపు రెండు జాతులను కలిపి నడుపు శీతలయంత్రములో, పరమశూన్యమునకు పైన ఒక డిగ్రీలో నూరవవంతు చలికి దించెదరు. నక్షత్రముల నడిమి శూన్యాకాశమైనను దీనికంటె వెచ్చనిదే. అంత చేసినను బిట్టు తన స్థితిని నిలుపుకొనునది కన్ను మూసి తెరచునంత సేపును కాదు. తప్పులు పుట్టుచునే యుండును. వానిని దిద్దుటకు పెక్కు బిట్లు కలసి ఒక నమ్మదగిన బిట్టుగా పనిచేయవలెను. 2024 డిసెంబరులో గూగుల్ వారు 105 బిట్ల యంత్రముతో, బిట్లు పెంచినకొలది తప్పులు తగ్గునట్లు చేయగలిగితిమని ప్రకటించిరి. ఇది మంచి అడుగు. గమ్యము ఇంకను దూరము.

మన దేశము 2023 ఏప్రిల్ 19న జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించి 2031 వరకు 6003 కోట్ల 65 లక్షల రూపాయలు కేటాయించినది. 2025 మే నెలలో ఐ.బి.యం., టి.సి.ఎస్., ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కలసి 156 బిట్ల యంత్రమును అమరావతిలో నెలకొల్పుదుమని ప్రకటించిరి. జాన్సెన్ విడిదిచేసిన ఆ గుంటూరు జిల్లాలోనే ఈ చలి దిగుటకు నిర్ణయము జరిగినది. సోదరాంధ్రుల ఈ పూనికకు నేను సంతోషింతును. రాష్ట్రములు వేరైనను ఆ యంత్రముపై నేర్చుకొను తెలుగు విద్యార్థి మనవాడే.

అయితే మరియొక సంఖ్యను మీరు జ్ఞాపకముంచుకొనవలెను. 2024 ఆగస్టులో ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారును, పుణెలోని రక్షణశాఖ యువశాస్త్రజ్ఞుల ప్రయోగశాలవారును ఆరు బిట్ల అతివాహక యంత్రమును మొదటినుండి తుదివరకు పరీక్షించి చూపిరి. ఆ బిట్ల రూపకల్పనయు, నిర్మాణమును ముంబయిలోనే జరిగినవి. మరుసటి ఏప్రిలులో బెంగళూరులోని క్యూపిఏఐ అను సంస్థ ఇరువదియైదు బిట్ల యంత్రమును ప్రకటించినది. నూటయేబదియారెక్కడ, ఆరెక్కడ అని నవ్వువారు కలరు. ఆ ఆరునకే నేను ముందు నమస్కరింతును. కొనితెచ్చిన యంత్రము చెడిపోయినప్పుడు అమ్మినవానికి ఉత్తరము వ్రాయవలెను. చేసిన యంత్రము చెడిపోయినప్పుడు మూత విప్పి చూడవచ్చును. విదేశపు యంత్రమును కాల్చివేయుమని చెప్పువాడను గాను. దానిపై చేయి తిరుగవలెను. ఆ చేయి తరువాత ఏమి చేయునన్నదే ప్రశ్న.

ఇవి యన్నియు మహానగరముల మాటలు, మనకేమి యనువారికి మన భూమి కాగితములనుండియే ఒక ఉదాహరణము చెప్పెదను. ధరణి వచ్చిన 2020 నుండి, దాని స్థానమున 2025లో భూభారతి వచ్చిన తరువాతను, డిజిటల్ సంతకము అన్న మాట మన రైతుల నోటబడినది. "నా రెండెకరాలకు డిజిటల్ సంతకం కాలే" అని నా గుమ్మము తొక్కినవారెందరో. ఆ సంతకమునకు బలము ఒక లెక్క. మిక్కిలి పెద్ద సంఖ్యను దాని కారణాంకములుగా విడదీయుట వంటి, మామూలు కంప్యూటరులకు సాధ్యము కాని లెక్కపై ఇట్టి సంతకములు ఆధారపడియున్నవి. చాలినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటరున్నచో ఆ లెక్క సులభమగునని పీటర్ షోర్ 1994లోనే నిరూపించెను. నేడు ఏ దేశమునందును అంతటి యంత్రము లేదు. మీ పట్టాలకు రేపే ప్రమాదమని చెప్పి నేను భయపెట్టను. కాని భూమిహక్కు తరతరములది. దొంగ దస్తావేజు చేయువాడు ఏ కాలమునందైనను కొత్త పనిముట్టు వెదకును. అమెరికా ప్రమాణముల సంస్థ 2024 ఆగస్టులో క్వాంటమ్ యంత్రమునకును లొంగని కొత్త సంతకపు పద్ధతులను ప్రకటించినది. మన భూమి దస్త్రముల సంతకములు ఎప్పుడు, ఏ పద్ధతికి మారునని అడుగవలసినవారు శాస్త్రజ్ఞులు కారు, మనమే. నా తోటి న్యాయవాదులును ఈ సంగతి చెవినిడుదురు గాక.

ఇప్పుడు పాతమాట యొకటి. మన జిల్లాలకు ఆనుకొనియున్న కోనసముద్రములో మట్టిమూసలలో ఉక్కు కరగించి ముద్దలు చేసెడివారు. పారశీక వర్తకులు ఆ ఊరికే వచ్చి కొనిపోయెడివారు. మేలైన కత్తులు దానితో తయారయ్యెడివి. వాయిసీ అను దొర ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వివరణము 1832లో కలకత్తాలో అచ్చుపడినది. 2010లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారును బెంగళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును కలసి ఉత్తర తెలంగాణపు ఊళ్లు తిరిగి, పాత కొలుముల జాడలు, చిట్టెపు కుప్పలు, మూసముక్కలు వెదకిరి. మన ఊరిచివర దిబ్బలు ఏమిటో మనకు చెప్పుటకు అంతదూరమునుండి రావలసివచ్చినది.

లండనులో 1819లో మైకేల్ ఫారడే మన దేశపు ఉక్కును పరీక్షించి, దాని రహస్యమును తెలిసికొన యత్నించెను. ఆ ఫారడేయే 1823లో క్లోరిన్ వాయువును ద్రవముగా చేసెను. ఆ త్రోవయే తుదకు లైడెనులో హీలియమునకు చేరినది. అనగా మన లోహమును పరీక్షించిన చేయియు, చలివిద్యకు మొదటి అడుగులు వేసిన చేయియు ఒక్కటే. అక్కడివారు మన ఉక్కును తూచిరి, కోసిరి, వ్రాసిరి, చదువుగా మార్చిరి. ఇక్కడ మూస కాల్చినవాని తెలివి వానితోనే పోయినది. సీమ ఉక్కు చవకగా వచ్చి ముంచివేసినది నిజము. అడవి బొగ్గు కరవైనది నిజము. కాని పనివానికి చదువునకు నడుమ మనమే కట్టిన గోడ లేకున్నచో ఆ విద్య పూర్తిగా చచ్చెడిది కాదేమో యని నాకు తోచును. వెండితీగ పనిని జూచినప్పుడెల్ల ఈ భయమే కలుగును.

యువకులు నన్ను ఏమి చేయవలెనని యడిగిరి. కోట్ల రూపాయల ప్రయోగశాల కోరుట తేలిక; వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండుటయు తేలిక. నా మనవి చిన్నది. ఆ ఉట్నూరు రైతునకు నేను చెప్పవలసిన రెండవ జవాబు ఇందులోనే యున్నది. హీలియము మన దిక్కు దొరకదు గాని ద్రవ నత్రజని దొరకును. ఎక్కడ? పశువైద్యశాలలో! కరీంనగరములో ఆబోతుల ఘనీకృత వీర్యకేంద్రము కలదు. గోపాలమిత్రలు ఊరూరికి మోసికొనిపోవు డబ్బాలలో వీర్యమును చల్లగా నుంచునది ఈ నత్రజనియే. సున్నకు దిగువ 196 డిగ్రీల చలి మన ఎడ్ల కొట్టముల దాక ఎప్పుడో వచ్చియున్నది.

ఇట్రియము, బేరియము, రాగి పొడులను తగుపాళ్లలో నూరి, బిళ్లచేసి, తొమ్మిదివందల డిగ్రీలకు మించిన కొలిమిలో కాల్చి, ప్రాణవాయువులో మెల్లగా చల్లార్చినచో ఆ నల్లని అతివాహకము సిద్ధమగును. డిగ్రీ కళాశాల రసాయనశాలలో, గురువు ప్రక్కనుండగా, ఇది సాధ్యమైన పని. బేరియపు లవణము విషము గనుక చేతితో ముట్టరాదు. నత్రజనిని మూసిన గదిలో పోయరాదు. ఈ రెండు జాగ్రత్తలు తప్పక పాటింపవలెను. బిళ్లను నత్రజనిలో ముంచి పైన చిన్న అయస్కాంతమునుంచినచో అది గాలిలో తేలి నిలుచును. రెండవ సాక్షి కన్నులయెదుటనే వాంగ్మూలమిచ్చినట్లగును. దీనిని చూపుచు తెలుగులో వివరించు ఇరువది పుటల పుస్తకము నొకదానిని వ్రాయవలెను. గోండీలో చెప్పగల ఉపాధ్యాయుడొకడు వెంటనుండవలెను. వెండితీగ పనివారిని మొదటి వరుసలో కూర్చుండబెట్టవలెను.

ఇందుకు ఇద్దరు అధ్యాపకులు ఒప్పుకొనిరి. పొడులకగు ఖర్చు నేను భరింతును. పుస్తకము వ్రాయుటకు పూనుకొనువారు ఈ సభ ముగిసినంతనే నన్ను కలియుదురు గాక. మొదటి ప్రదర్శనము కరీంనగరములో గాక ఉట్నూరులో జరుపవలెనని నా కోరిక. నా కక్షిదారునికి అట్లే మాట యిచ్చితిని.